డాక్టర్ బాబు కులం ఏంటమ్మా?

2018. మా అమ్మ కోల్డ్ స్టోరేజీ మిరపకాయలకి ముచ్చికలు తీసొచ్చి, ఏడున్నరకల్లా టీవీ ముందు కూర్చునేది. స్టార్ మాలో 'కార్తీకదీపం'. దీప నల్లగా ఉందని అత్త సౌందర్యకి పడదు. మా పేటంతా వంటలక్క కోసం ఏడ్చేది. వేళ్లకి కారం కాబట్టి అమ్మ కళ్లు భుజంతో తుడుచుకునేది.

"డాక్టర్ బాబు కులం ఏంటమ్మా?" అంటే నవ్వేది. ఆ కథలో అడ్డు రంగే. కులం మాటే రాదు.

ఆ సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికేశారు. మాల పిల్లాడు. గర్భవతి అయిన భార్య అమృతతో ఆసుపత్రి నుంచి బయటికొస్తుంటే, ఆమె కళ్లముందే. సుపారీ ఇచ్చింది ఆమె తండ్రేనని పోలీసులు తేల్చారు. ఆ వార్త చూస్తూ అమ్మ ఏడవలేదు. "ఆ పిల్లతో మాట్లాడమాకు నాయనా" అంది, అంతే.

మానేశాను. నన్నెవరూ బెదిరించలేదు. ఆ వార్తే చాలింది.

2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. చంపినోళ్లకి శిక్ష పడింది సరే. భయంతో ఆగిపోయిన ప్రేమలు ఏ కేసులో ఎక్కుతాయి?

కులాంతర వివాహమే అసలు మందని బాబాసాహెబ్ 1936లోనే రాశారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మందు తాగేవాళ్ల పక్కన నిలబడదాం. నా పక్కన నేనే నిలబడలేదు.

జై భీమ్.