సున్న వేరు, ఖాళీ వేరు

ఆత్మకూరులోని మా పొదుపు సంఘమున పండ్రెండుగురు సభ్యురాండ్రు కలరు. లెక్కలు వ్రాయు భారము చాల ఏండ్లుగా మాపై నున్నది. పోపుల డబ్బాలో చిల్లర దాచుకొను నేర్పు ఆడువారికి పుట్టుకతోనే వచ్చునందురు గాని, పదిమంది సొమ్మునకు లెక్క చెప్పుట అంత సులభము కాదు.

మా పడమటి నెల్లూరు సీమలో ఈ పొదుపునకు ఒక చరిత్ర కలదు. ఉదయగిరి ప్రాంతపు దూబగుంటలో 1992 నాటికి స్త్రీలు సారాయంగళ్ళ నెదిరించి నిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతయు ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. సారాకు పోవు డబ్బు ఇంట నిలువవలెనని, దినమునకొక్క రూపాయి చొప్పున కూడబెట్టు సంఘములు ఆ దినములలోనే జిల్లాయందు వెలసినవి. అట్టి రూపాయల లెక్కలో తప్పు దొరలినచో పోవునది డబ్బు మాత్రమే కాదు, మనిషి మాట కూడ.

ఇంజినీరింగు చదువుచున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి, “అత్తా, ఇంకను ఈ చేతిలెక్క లెందుకు? నీకు స్క్రిప్టు వ్రాయుట నేర్పెదను” అన్నది. స్క్రిప్టనగా కంప్యూటరునకు మనము వరుసగా వ్రాసియిచ్చు ఆజ్ఞల చీటీ. అది నేర్పినది పైథాన్ అను భాష. హాలెండు దేశస్థుడగు గిడో వాన్ రోసమ్ దీనిని 1991లో లోకమున కిచ్చెను. ‘ప్రింట్’ అని వ్రాసి, కుండలీకరణములలో రొక్కము పేరుంచినంతనే దాని విలువ తెరపై కనబడును. మొదటిసారి మా వ్రాతకు అంకె వెలుగగా, మొదటి ముగ్గు తీరిన పసిదానివలె సంతోషించితిమి.

ఆ నెలలో మా సంఘపు పెద్దావిడ యొకతె కూతురి పురిటికై ఉదయగిరి వెళ్ళియుండెను. ఆమె సొమ్ము కట్టిన రసీదు మాకు చేరలేదు. అందుచే ఆమె గడి ఖాళీగా విడిచితిమి. యంత్రము ముందుకు సాగక, ఖాళీని అంకెగా మార్చలేనని తప్పు చూపినది. అది మంచి హెచ్చరికయని మాకు తోచలేదు. మేనకోడలు ఊరికి వెళ్ళిపోయినది, సమావేశము మరునాడే. “ఖాళీ యున్నచో సున్న వేయుము” అని ఒక పంక్తి చేర్చి దాని నోరు మూయించితిమి. పట్టిక చక్కగా వచ్చినది. ఆమె పేరునకెదురుగా సున్న నిలిచినది.

సమావేశమున అది చదివితిమి. వరుసగా కట్టినవారికే ముందుగా అప్పు అని మా నియమము. పాడిగేదెకై ఆమె ఎదురుచూచుచున్న వంతు మరియొకరికి పోయినది. తరువాతి నెల ఆమె రసీదుతో వచ్చి, కేకలు వేయక, ఒక్క మాట అడిగినది: “అమ్మాయీ, నేను కట్టలేదని తెలిసి వ్రాసితివా, తెలియక వ్రాసితివా?” మాకు తల యెత్త మొగము లేకపోయినది.

సున్న ఒక సంఖ్య. క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు దానికి కూడికలు, తీసివేతలు చెప్పెను. ఖాళీ సంఖ్యయే కాదు. మనకు తెలియదనుటకు గుర్తు. ఉదయగిరి మెట్టపొలములలో వాన పడలేదనుట వేరు, వాన కొలువలేదనుట వేరు కదా! పదునొకండుగురు నూరేసి రూపాయలు కట్టినచో, తెలిసినంతవరకు సగటు నూరు. తెలియని పండ్రెండవ గడిని సున్నచేసినచో అది సుమారు 92 అగును. ఎవరును తక్కువ కట్టకయే సంఘము చిక్కిపోయినట్లు కనబడును.

మేనకోడలికి ఫోను చేసితిమి. తెలియని గడికి పైథాన్‌లో ‘నన్’ అను గుర్తు కలదనియు, అది సున్న కాదనియు చెప్పినది. మేము తొందరపడి “రొక్కమున్నచో చూపుము, లేనిచో వివరము రాలేదనుము” అని వ్రాసితిమి. ఈసారి తప్పు తిరుగబడినది. ఆ నెల నిజముగా ఏమియు కట్టని ఒకామెకు సైతము “వివరము రాలేదు” అని వచ్చినది! అట్లు వ్రాసినచో ఆ భాష సున్నను కూడ లేనిదానిగానే తలచును. “అత్తా, రొక్కము ఉన్నదా యని కాదు, అది ‘నన్’ అవునా యని సూటిగా అడుగవలెను” అని అది దిద్దినది. నేడు మా స్క్రిప్టు గుర్తున్నచోట “వివరము రాలేదు” అనియు, తక్కినచోట సున్నయైనను ఉన్న అంకెనే చూపును. మొత్తము క్రింద ఎందరి వివరము రావలెనో కూడ చెప్పును. ఆ సంఖ్య తీరువరకు అప్పు వంతులు నిర్ణయింపము.

పెద్దావిడకు మరల వంతు వచ్చుటకు నాలుగు నెలలు పట్టినది. ఆమె మమ్ము మన్నించినది గాని, ఆ నాలుగు నెలల పాలు మేము తిరిగి ఈయలేము కదా.

సోదరీమణులారా, కంప్యూటరు లేని ఇంటను ఈ మాట పనికివచ్చును. జ్వరపు బిడ్డకు మందు వేళలు వ్రాయు కాగితమున ఒక గడి ఖాళీగా కనబడినచో, మందు వేయలేదని తలచి రెండవమారు వేయకుడు. వేసి వ్రాయలేదేమో, ముందుగా అడుగుడు. తెలియనిచోట తెలియదని వ్రాయుటలో సిగ్గు లేదు.