ముద్ర కింద దాగిన కెమెరా

బంగారు రంగులో ధగధగలాడే ఒళ్లు. పైన రెక్కలు చాచిన గద్ద. దాని కాళ్ల కింద స్వస్తిక. పక్కనే జర్మన్ వైమానిక దళం పేరు. రెండో ప్రపంచయుద్ధంలో ఏ పైలట్ మెడలోనో వేలాడి ఉంటుందనిపించే కెమెరా! యూరప్‌లోని పాతసామాన్ల సంతల్లో ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. సేకరణ సరదాలోకి కొత్తగా దిగినవారికి వాటిని చూస్తే గుండె ఝల్లుమంటుంది. పాతకాపులు మాత్రం చేతిలోకి కూడా తీసుకోరు. ఎందుకంటే... యుద్ధకాలపు కెమెరా మీద అన్నిటికన్నా తేలిగ్గా అబద్ధం చెప్పేది ఆ ముద్రే.

ఉబ్బసం తెచ్చిన కెమెరా

ఇంతకీ ఈ మోజు ఎక్కణ్నుంచి వచ్చింది? దానికి మూలం జర్మనీలోని వెట్స్‌లర్ అనే చిన్న ఊరు. అక్కడి లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే నిపుణుడు ఉండేవాడు. ఆయనకు ఉబ్బసం. ఆ రోజుల్లో ఫొటో తియ్యాలంటే బరువైన కెమెరా, గాజు ప్లేట్లు, స్టాండు అన్నీ మోసుకెళ్లాలి. అది తనవల్ల కాక, సినిమా రీలు మీద ఫొటోలు తీసే చిన్న కెమెరాను తయారుచేసుకున్నాడు. 1914 నాటికే నమూనా సిద్ధం. మొదటి ప్రపంచయుద్ధం అడ్డురావడంతో అది మార్కెట్లోకి వచ్చేసరికి 1925 అయింది. లైట్జ్, కెమెరా... ఈ రెండు మాటల్లోని తొలి అక్షరాలు కలిపి ‘లైకా’ అని పేరుపెట్టారు.

జేబులో పట్టే ఆ కెమెరా విలేకరులకు ఎంత నచ్చిందో సైన్యాలకూ అంత నచ్చింది. 1939లో యుద్ధం మొదలయ్యాక జర్మనీ సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడూ లైకాలను తీసుకున్నాయి. మరో జర్మన్ కెమెరా ‘రోబో’దీ అదే కథ. గడియారానికి కీ ఇచ్చినట్టు దాని బొత్తం తిప్పితే చాలు, లోపలి స్ప్రింగు రీలును దానంతటదే జరిపేస్తుంది. వరసగా మీట నొక్కుకుంటూ పోవడమే. వైమానిక దళం కోసం చేసిన రకానికి ఆ బొత్తం పొడవుగా, రెట్టింపు స్ప్రింగుతో ఉంటుంది.

ఎనభై ఏళ్లు దాటాక ఇవన్నీ అరుదైన వస్తువులయ్యాయి. పాత లైకాలకు ఎంత గిరాకీ అంటే, బార్నాక్ సొంతానికి వాడుకున్న 105వ నంబరు కెమెరా 2022 జూన్‌లో వెట్స్‌లర్‌లో జరిగిన వేలంలో కోటీ 44 లక్షల యూరోలు పలికింది. అది యుద్ధంలో వాడింది కాదు. కానీ అలాంటి ధరలు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ అటకల మీద ఉన్న పాత కెమెరాలన్నీ కిందికి దిగుతాయి. వాటితోపాటే దొంగ సరుకూ దిగుతుంది. మామూలు లైకా కన్నా సైనిక ముద్ర ఉన్న లైకాకు ధర చాలా ఎక్కువ. తేడా అంతా నాలుగు అక్షరాల్లోనే ఉన్నప్పుడు, ఆ నాలుగు అక్షరాలూ చెక్కేవాళ్లు పుట్టుకురాకుండా ఉంటారా!

పై పటారం... లోన వేరే ఊరు

బంగారు రంగు కెమెరా దగ్గరికే మళ్లీ వద్దాం. లైకా కంపెనీ బంగారు పూత కెమెరాలు చేసిన మాట నిజమే. అయితే అవి 1930కి అటూఇటూ ధనవంతుల కోసం చేసిన విలాస వస్తువులు. మొత్తం కలిపినా వందలోపే. యుద్ధరంగంలో మెరిసే వస్తువును ఎవరూ కోరుకోరు. నిజమైన యుద్ధకాలపు లైకాల్లో చాలావాటికి బూడిద రంగు వేశారు. క్రోమియం దొరక్కపోవడమే దానికి కారణం. అంటే అసలుది చూపులకు పేదగానే ఉంటుంది.

మరి ఆ మెరిసేది ఏమిటి? చాలాసార్లు అది సోవియట్ యూనియన్‌లో తయారైన ‘ఫెడ్’ లేదా ‘జోర్కి’. రెండూ 1932 నాటి రెండో మోడల్ లైకాను చూసి చేసినవే. ఆకారం అచ్చు అదే. వీటిని లక్షల్లో తయారుచేశారు కాబట్టి చవగ్గా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఇవి పశ్చిమ యూరప్ సంతలకు బస్తాలకొద్దీ చేరాయి. పైనున్న రష్యన్ అక్షరాలు అరగదీసి, లైకా పేరు చెక్కి, ఓ గద్దను కూచోబెడితే సరి. కొన్నిటిమీద 1936 బెర్లిన్ ఒలింపిక్స్ పేరూ కనిపిస్తుంది. కొన్నిటికి తోలు బదులు పాము చర్మం!

వీటిని పట్టుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. లెన్సు విప్పి లోపలికి తొంగిచూస్తే చాలు. దూరాన్ని కొలిచే యంత్రానికి లెన్సు కదలికను అందించే చిన్న చెయ్యి ఒకటి పైభాగాన ఉంటుంది. అసలు లైకాలో దాని చివర గుండ్రంగా తిరిగే చిన్న చక్రం ఉంటుంది. ఫెడ్, జోర్కిల్లో చక్రం ఉండదు. కోసుగా ఉండే లోహపు ముక్క ఉంటుంది. పైన ఏం చెక్కినా, ఏ రంగు పూసినా లోపలున్న ఆ ముక్కను మార్చాలని దొంగకు తోచదు.

ఇంకో చిక్కు కూడా వాళ్లే తెచ్చుకుంటారు. యుద్ధం మధ్యలో జర్మన్ సైన్యం తీసుకున్నవాటిలో ఎక్కువగా కనిపించేది ‘త్రీ సి’ మోడల్. 1940లో వచ్చింది. దాని ముందువైపు నెమ్మదైన షట్టర్ వేగాల కోసం వేరుగా ఓ చిన్న డయల్ ఉంటుంది. రెండో మోడల్‌ను చూసి చేసిన ఫెడ్‌కు అది లేదు. ‘1941 నాటి త్రీ సి’ అని చెప్పి అమ్మే కెమెరాకు ముందు భాగం నున్నగా ఉంటే ఇక మాట్లాడాల్సిందేమీ లేదు.

అసలు కెమెరాకు దొంగ ముద్ర

అంతటితో అయిపోతే ఈ సరదాలో కష్టమేముంది? అసలు పరీక్ష తర్వాతే మొదలవుతుంది. కెమెరా నిజంగా లైకానే. నిజంగా యుద్ధకాలానిదే. కానీ అప్పట్లో ఏ డాక్టరో, దుకాణదారో కొనుక్కున్న మామూలు కెమెరా. సైన్యం ముద్ర మాత్రం ఈమధ్య చెక్కింది! ఇక్కడ చక్రం చూసి లాభం లేదు. అందుకే అనుభవజ్ఞులు ఒక గుర్తుతో తృప్తిపడరు. కెమెరా చెప్పే సంగతులన్నీ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అని చూస్తారు.

మొదట అక్షరాలు. వైమానిక దళం కెమెరాల మీద ‘లుఫ్ట్‌వాఫెన్ ఐగెన్‌టుమ్’ అని ఉంటుంది. వైమానిక దళం ఆస్తి అని అర్థం. మన ప్రభుత్వ ఆఫీసుల్లో కుర్చీ వెనక రాసే పేరులాంటిదే. ‘ఎఫ్.ఎల్. 38079’ అనే సంఖ్య కూడా తరచూ కనిపిస్తుంది. అది ఆ కెమెరాకు మాత్రమే ఇచ్చిన నంబరు అనుకుని కొత్తవాళ్లు పొంగిపోతారు. నిజానికి అది ఆ రకం సామగ్రికి సైన్యం ఇచ్చుకున్న సంఖ్య. అందుకే ఎన్నో కెమెరాల మీద అదే ఉంటుంది.

తర్వాత అరుగుదల. ఎనభై ఏళ్లు చేతులు మారిన వస్తువు మీద గీతలుంటాయి. ఆ గీత అక్షరం మీదుగా సాగిపోయిందా, అక్షరమే గీతను కోసుకుంటూ పోయిందా? భూతద్దం పెట్టి చూసేది దీన్నే. పాత గీతను కొత్త అక్షరం తెంచితే, ముద్ర గీత కన్నా చిన్నదన్నమాట. చుట్టూ లోహం అరిగిపోయి అక్షరాల అంచులు మాత్రం చేతికి గుచ్చుకుంటున్నా అనుమానించాల్సిందే.

ఆపై లోపలి గుర్తులు. కొన్ని త్రీ సి కెమెరాల నంబరు చివర ‘కె’ అనే అక్షరం ఉంటుంది. గడ్డకట్టే చలిలోనూ షట్టర్ ఆగిపోకుండా లోపల బాల్ బేరింగులు పెట్టారనీ, ఆ జర్మన్ మాటలోని మొదటి అక్షరమే ఇదనీ సేకర్తలు చెబుతారు. అదే అక్షరం షట్టర్ గుడ్డ మీద కూడా అచ్చువేసి ఉంటుంది. పైన ‘కె’ ఉండి లోపల లేదంటే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. షట్టర్ గుడ్డను తర్వాత ఎవరైనా మార్పించి ఉండొచ్చు. ఎవరైనా ‘కె’ను కొత్తగా చెక్కి ఉండొచ్చు. ఏదో ఒకటి తేలేదాకా డబ్బు జేబులోంచి తియ్యకపోవడమే మంచిది.

చివరగా చిట్టా. ప్రతి లైకాకూ ఓ నంబరు ఉంటుంది. ఏ నంబరు కెమెరాను ఏ రోజు, ఎక్కడికి పంపారో కంపెనీ అప్పట్లోనే పుస్తకాల్లో రాసిపెట్టుకుంది. ఆ రికార్డులు వెట్స్‌లర్‌లో ఉన్నాయి. సైన్యం కెమెరా అని చెబుతున్నది స్విట్జర్లాండ్‌లోని దుకాణానికి వెళ్లినట్టు చిట్టాలో ఉంటే ఆ ముద్ర బండారం బయటపడినట్టే.

తాతగారి కథ

ఇన్ని పరీక్షలున్నా జనం ఎందుకు మోసపోతారు? కెమెరాతోపాటు కథ కూడా కొంటారు కాబట్టి. ‘మా తాతగారు 1945లో బెర్లిన్ నుంచి తెచ్చారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికింది’ అని అమ్మేవాడు గొంతు తగ్గించి చెబుతాడు. వినేవాడు అప్పటికే ఆ కెమెరాను తన బీరువాలో పెట్టేసుకుంటాడు. ఇక కళ్లు పనిచెయ్యవు. అందుకే ఈ రంగంలో ఆరితేరినవారు కథ వినేముందు కెమెరా చూస్తారు. కథకు కాగితం ఉందా, పాత ఫొటో ఉందా, సైనికుడి పేరుతో ఉత్తరం ఉందా అని తర్వాత అడుగుతారు. ఆధారం లేని కథకు పైసా కూడా ఎక్కువ ఇవ్వరు.

ఆధారమే ఉంటే ముద్రతో పనేలేదు. బెర్లిన్‌లోని రైష్‌టాగ్ భవనం మీద సోవియట్ సైనికుడు ఎర్రజెండా ఎగరేస్తున్న ఫొటో ప్రపంచమంతటికీ తెలుసు. 1945 మే 2న ఎవ్‌గెనీ ఖాల్దెయ్ దాన్ని తీసింది జర్మనీ లైకాతోనే. ఆయన లైకా 2014లో హాంకాంగ్‌లో వేలానికి వచ్చింది. దాని విలువ ముద్రలో లేదు... ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. విచిత్రమేమంటే, ఆ ఫొటోలోనూ ఓ చెరిపివేత ఉంది. ఓ సైనికుడి రెండు చేతులకూ గడియారాలుండటంతో, దోపిడీ సొత్తు అనుకుంటారని, ఒకదాన్ని అచ్చుకు ముందే గీకేశారు.

నకిలీ అని తేలాక...

కష్టార్జితం పోసి కొన్న కెమెరా నకిలీ అని తేలితే ఏం చెయ్యాలి? ఈ సరదాలో మనిషిని నిజంగా పరీక్షించే ఘట్టం ఇదే. ఇంట్లోవాళ్లకు చెప్పుకోవాలంటే సిగ్గు. అప్పటిదాకా నలుగురికీ గొప్పగా చూపించినదాన్ని దాచెయ్యాలంటే బాధ. ‘నేనెలా కొన్నానో అలాగే మరొకరికి అంటగడితే పోలా’ అన్న ఆలోచన రావడానికి ఎంతోసేపు పట్టదు. దొంగ ముద్రలు ఇన్నేళ్లుగా చేతులు మారుతున్నాయంటే చెక్కినవాడి ఒక్కడి పనితనమే కాదు, మధ్యలో తెలిసీ నోరువిప్పనివాళ్ల సాయం కూడా ఉంది. ‘ఇది నకిలీ’ అని చీటీ కట్టి, ఆ ధరకే అమ్మేవాళ్లూ ఉన్నారు. నష్టం తమతోనే ఆగిపోవాలనుకునేవాళ్లు వాళ్లు.

అయితే ఇది డబ్బుతో పోయే నష్టం మాత్రమే కాదు. ఫెడ్ కెమెరా పుట్టింది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో. అనాథలు, వీధి బాలల కోసం నడిపిన ఓ కమ్యూన్‌లో. ప్రసిద్ధ ఉపాధ్యాయుడు అంటోన్ మకరెంకో దాన్ని నడిపించాడు. ఆ పిల్లలు మొదట విద్యుత్ డ్రిల్లింగ్ యంత్రాలు చేశారు. 1934 నుంచి కెమెరాలు వరసగా తయారుచేశారు. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థాపకుడు ఫెలిక్స్ ఎడ్మండోవిచ్ జెర్జిన్‌స్కీ పేరులోని తొలి అక్షరాలే ఫెడ్. 1941 అక్టోబరులో హిట్లర్ సైన్యం ఆ నగరాన్ని ఆక్రమించింది. 1943 ఆగస్టులోగానీ దానికి పూర్తిగా విముక్తి రాలేదు. అలాంటి ఊరి పిల్లల చేతుల్లో మొదలైన కెమెరా పేరు అరగదీసి, ఆ ఊరిని ఆక్రమించిన సైన్యం గద్దను చెక్కుతున్నారన్నమాట!

అటు వెట్స్‌లర్ చరిత్ర కూడా గద్ద ముద్రంత తేలిగ్గా అర్థమయ్యేది కాదు. లైకా యజమాని ఎర్నెస్ట్ లైట్జ్ 1930ల్లో తన దగ్గరి యూదు ఉద్యోగులు దేశం దాటడానికి సాయపడ్డాడు. ఆయన కూతురు ఎల్సీ, ఓ యూదు మహిళ స్విట్జర్లాండ్ పారిపోవడానికి సాయం చేసిందని 1943లో గెస్టపో ఆమెను జైల్లో పెట్టింది. అదే ఫ్యాక్టరీ సైన్యానికి సరుకు చేసిపెట్టింది. అదే ఫ్యాక్టరీలో ఉక్రెయిన్ నుంచి బలవంతంగా తెచ్చిన ఆడవాళ్లు పనిచేశారు. మంచీ చెడూ ఇలా పెనవేసుకున్న చరిత్రకు బూడిద రంగు కెమెరా ఒక సాక్షి. దొంగ సాక్షిని పట్టుకోవడమంటే నిజమైన సాక్షి మాటకు విలువ నిలబెట్టడమే.

కాబట్టి లోపల చక్రం లేదని తేలగానే ఆ కెమెరాను చెత్తబుట్టలో వెయ్యక్కర్లేదు. చెక్కుడు కింద ఎక్కడైనా పాత రష్యన్ అక్షరాల జాడ మిగిలి ఉందేమో చూడండి. అది లైకా కాకపోవచ్చు. కానీ దానికీ ఓ ఊరుంది. ఆ ఊరి పేరుతో పిలిస్తే, ఆ కెమెరా నకిలీ కాదు.