చక్రాల ఇంట్లో వారం రోజులు

మా తాతగారి రోజుల్లో కోటప్పకొండ తిరనాళ్ళకు గూడుబండి కట్టుకుని వెళ్ళేవారు. బియ్యం, పప్పు, కుండలు, ఎడ్లకు గడ్డి అన్నీ బండిలోనే. రాత్రయితే బండి కిందనే పడక. అమెరికాలో ఇప్పటికీ అటువంటి ప్రయాణాలు చేసేవాళ్ళు ఉన్నారంటే నమ్ముతారా? అయితే వాళ్ళ బండికి ఎడ్లుండవు, మోటారు ఉంటుంది. దాన్ని ఆర్.వి. అంటారు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి.

నేను ఉద్యోగ విరమణ చేసిన 2018లో, అక్టోబరు నెలలో, మా అబ్బాయి మమ్మల్ని అటువంటి బండిలో తిప్పాడు. లాస్ వేగాస్‌లో బండి అద్దెకు తీసుకుని, యూటా రాష్ట్రంలోని జయన్, బ్రైస్ కాన్యన్ అనే రెండు జాతీయ వనాలు చూసి రావాలని మా ఏర్పాటు. అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవడు, మా ఇంటావిడ, నేను. మా ఐదుగురిలో ఒక్కరికీ ఆ బండి సంగతి తెలియదు. మామూలు కారు లైసెన్సుతోనే దాన్ని నడపవచ్చు గనక, కారు లాంటిదేననుకున్నాం.

మొదటి గండం ఊరు దాటకముందే వచ్చింది. అక్కడి ఫలహారశాలల్లో కారు దిగకుండానే కిటికీ దగ్గర కాఫీ తీసుకుని పోవచ్చు. మా అబ్బాయి రోజూ కారులో వెళ్ళే అలవాటు కొద్దీ బండిని ఆ దారిలోకి తిప్పాడు.

"ఒరే, ఆపరా! ఆ కమ్మీ చూడు!" అని మా ఇంటావిడ కేక పెట్టింది.

గొలుసులకు వేలాడుతున్న కమ్మీ మీద "9 అడుగులు" అని రాసి ఉంది. బండి దానికి మూరెడు దూరంలో ఆగింది. మా వెనక అప్పటికే నాలుగు కార్లు చేరాయి. కోడలు దిగి ఒక్కొక్కరినీ బతిమాలుకుని వెనక్కు పంపితే గాని మేము బయటపడలేదు.

ఆ సాయంత్రం ముగ్గురం కలిసి బండి ఎత్తు కొలిచాం. అద్దె కాగితంలో 11 అడుగులే ఉంది. అది బండి కప్పు వరకు. కప్పు మీద ఏ.సి. పెట్టె ఉంది కదా! దానితో కలిపి 11 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. ఆ అంకెను కాగితం మీద పెద్దగా రాసి, డ్రైవరు కళ్ళెదుట అంటించాను. మా మనవడికి ఆ పని నచ్చింది. వాడికి నేను సాయంత్రాలు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. "ఇక మీద చీటీలు నేను రాస్తాను తాతయ్యా!" అన్నాడు.

ఆ రాత్రే వాడికి పని తగిలింది. ఏ.సి. నడుస్తున్నది. కోడలు మైక్రోవేవ్‌లో అన్నం వేడిచేస్తున్నది. నేను టీ కోసం కరెంటు కెటిల్ పెట్టాను. ఠక్కున అంతా చీకటి! మా బండికి దొరికే కరెంటు 30 ఆంపియర్లు, 120 వోల్టులు. రెండూ గుణిస్తే 3,600 వాట్లు. ఏ.సి., మైక్రోవేవ్, కెటిల్ మూడూ తలా 1,500 వాట్ల దాకా లాగుతాయి. కూడిక మీరే చేయండి. "రెండే" అని మనవడు చీటీ రాసి కెటిల్‌కు అంటించాడు.

జయన్ లో మా విడిది కొండల నడుమ, వర్జిన్ అనే నది ఒడ్డున. నిటారుగా లేచిన ఎర్రని ఇసుకరాతి గోడలు తల ఎత్తి చూస్తే గాని అందవు. అక్కడ బండి నిలిపే చోటు కొంచెం వాలుగా ఉంది. నేనైతే పట్టించుకునేవాణ్ణి కాను గాని, ఫ్రిజ్‌లో పాలు విరిగాయి. ఆ ఫ్రిజ్‌లో మోటారు ఉండదు. గ్యాసు మంట అమ్మోనియాను కాచి తరిమితే, అది చల్లబడి ద్రవమై, గొట్టాల వాలు వెంట తిరిగి కిందికి జారుతుంది. ఆ తిరుగుడు వల్లనే లోపల చలవ. మంటతో చలవ పుట్టించే ఈ యుక్తిని 1922లో స్వీడన్ దేశంలో ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారు. బండి ఒరిగితే గొట్టాల వాలు చెడుతుంది, చలవ ఆగుతుంది. తాపీవాళ్ళ రసమట్టం లాంటిది ఒకటి బండిలోనే ఉంది. దాన్ని చూసుకుంటూ చక్రాల కింద చెక్కలు పెట్టాం.

ఇక నా సొంత తెలివి చెబుతాను. మా బండిలో మంచినీళ్ళ తొట్టికి 150 లీటర్లు పడతాయి. ఐదుగురికి తలా 30 లీటర్లు. మనవడు బకెట్ పెట్టి కొలిస్తే, స్నానాల గదిలో జల్లు నిమిషానికి ఎనిమిది లీటర్లు వదులుతున్నది. నాలుగు నిమిషాల స్నానంతో ఆ మనిషి వాటా చెల్లు! కాబట్టి నీళ్ళ పెత్తనం నేను తీసుకున్నాను. తొట్టి తగ్గగానే కుళాయి దగ్గర నింపుకొచ్చేవాణ్ణి. అలా రెండుసార్లు నింపి, "చూశారా, నీళ్ళకు కొదవ లేదు!" అని గొప్పలు పోయాను.

మూడో పూట మా ఇంటావిడ బియ్యం కడిగి నీళ్ళు వంపింది. కాసేపటికి స్నానాల గది నేల మీదికి ఆ కడుగు నీళ్ళే, మెతుకులతో సహా, కింద నుంచి ఉబికి వచ్చాయి!

వాడిన నీళ్ళు నేలలో ఇంకిపోవు గదా. అవి బండి కిందనే ఇంకొక తొట్టిలో చేరతాయి. దానికి పట్టేది 110 లీటర్లే. వచ్చే నీళ్ళు లెక్కపెట్టిన హెడ్మాస్టరు పోయే నీళ్ళు లెక్కపెట్టలేదు. మా ఇంటావిడ ఏమీ అనలేదు. చీపురు మాత్రం నా చేతికిచ్చింది.

మరుగుదొడ్డికి మూడో తొట్టి వేరే ఉంటుంది. వీటిని ఖాళీ చేయడానికి ప్రత్యేకమైన చోట్లు ఉన్నాయి. చేతులకు తొడుగులు వేసుకుని, ముందు మరుగుదొడ్డి తొట్టి వదలాలి, తరవాత కడుగు నీళ్ళ తొట్టి. అప్పుడు ఆ నీళ్ళే గొట్టాన్ని శుభ్రం చేస్తాయి. మంచినీళ్ళ గొట్టాన్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు. ఈ పని ఎవరూ మెచ్చుకోరు గాని, మా అబ్బాయి ముఖం చిట్లించకుండా చేశాడు. అది చూసి నాకు ముచ్చట వేసింది.

జయన్ నుంచి బ్రైస్ వెళ్ళే దారిలో ఒక సొరంగం ఉంది. మైలు పైన పొడవు. కొండను తొలిచి 1930లో తెరిచారు. అందులోంచి ఆనాటి బళ్ళు సులభంగా పోయేవి. మాది పోదు. సొరంగం పైకప్పు కమానులా వంగి ఉంటుంది గనక నడుమ ఎత్తు, పక్కల తగ్గు. మేము వెళ్ళిన ఏడాది నియమం ఏమిటంటే, 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాటిన బండి 15 డాలర్లు కట్టాలి; అప్పుడు వనరక్షకులు ఎదురు బళ్ళను ఆపి, రోడ్డు నట్టనడుమన దాన్ని పోనిస్తారు. కాగితంలో ఉన్న 11 అడుగులే నమ్ముకుని ఉంటే, మా దారిన మేము పక్కగా పోవచ్చునని బయలుదేరేవాళ్ళం. లోపల చీకటి. అక్కడక్కడ కొండ గోడలో తొలిచిన పెద్ద కిటికీల నుంచి వెలుగు తళుక్కుమని మాయమవుతుంది. బయటికి వచ్చే వరకు అబ్బాయి గట్టిగా ఊపిరి పీల్చలేదు.

బ్రైస్ దగ్గర మేము దిగిన చోటు 8,000 అడుగుల దరిదాపు ఎత్తున ఉంది. అంత ఎత్తున నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి గనక కందిపప్పు ఎంతకూ ఉడకదు. కుక్కరు తెచ్చిన కోడలి ముందుచూపు వల్ల పప్పు తిన్నాం.

అక్కడ నీటి కుళాయి బండి పక్కనే ఉంది. మళ్ళీ తొట్టి నింపే బాధ లేదని గొట్టం తగిలించి హాయిగా పడుకున్నాం. తెల్లవారి లేచి తిప్పితే చుక్క రాలేదు. గొట్టం కర్రలా బిగుసుకుని ఉంది. ఒకచోట జానెడు పొడవున చీలిపోయింది. రాత్రి తొట్టి నింపుకుని గొట్టం విప్పి లోపల పెట్టుకోవాలని ఎవరికి తెలుసు!

సరే, ముందు సూర్యోదయం చూద్దామని కొండ అంచుకు నడిచాం. కింద లోయ నిండా వేలకొద్దీ రాతి స్తంభాలు, నారింజ రంగు, గులాబి రంగు, తెలుపు. తిరనాళ్ళలో జనం తలలు పైకెత్తి నిలబడ్డట్టు ఉన్నాయి.

"ఇవి ఎవరు చెక్కారు తాతయ్యా?"

"మన గొట్టం పగలగొట్టిన దొంగే!" అన్నాను.

నీరు గడ్డకట్టేటప్పుడు తొమ్మిది వంతుల దాకా, అంటే నూటికి తొమ్మిది, ఉబ్బుతుంది. అక్కడ ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుంది. రాతి పగుళ్ళలో దిగిన నీరు అలా ఉబ్బి, కరిగి, మళ్ళీ ఉబ్బి, రాయిని కొద్దికొద్దిగా విడగొడుతుంది. వాన మిగతాది కడిగేస్తుంది. వాడు నా మాట పూర్తిగా నమ్మలేదు. వెనక్కు పరుగెత్తి, గొట్టం చీలికలోంచి వేలెడు మంచు ముక్క ఊడదీసి తెచ్చి, ఒకసారి దాన్నీ, ఒకసారి ఆ స్తంభాలనూ చూశాడు.

మధ్యాహ్నం కొత్త గొట్టం కొన్నాం. వాడు దానికి చీటీ రాసి దారంతో కట్టాడు: "రాత్రి విప్పలి." దీర్ఘం మరిచాడు. నేను దిద్దలేదు.