ముందు సీటు

రోమియో జూలియెట్ అనగానే అందరికీ బాల్కనీ గుర్తొస్తుంది. పైన ఆమె, కింద అతను, మధ్యలో వెన్నెల. నాకు మాత్రం మొదటి సీన్ గుర్తొస్తుంది. కాపులెట్ ఇంటి పనివాళ్లు ఇద్దరు, శాంప్సన్, గ్రెగరీ, కత్తులు పట్టుకుని బూతు జోకులేసుకుంటూ వీధిలో తిరుగుతుంటారు. ఎదురుగా మాంటెగ్యూ ఇంటి పనివాళ్లు వస్తారు. శాంప్సన్ వాళ్లకు కనిపించేలా బొటనవేలు కొరుకుతాడు. ఆ ఊళ్లో అది పెద్ద అవమానం. మమ్మల్ని చూసేనా అని అవతలివాళ్లు నిలదీస్తే, ఔనంటే చట్టం మనవైపు ఉంటుందా అని పక్కవాణ్ని మెల్లగా అడుగుతాడు. ఉండదని తెలిసి మాట మార్చేస్తాడు.

పగ వాళ్లది కాదు, యజమానులది. అసలది ఎలా మొదలైందో నాటకం ఎక్కడా చెప్పదు. పాత పగ, అంతే. 1597లో మొదటిసారి అచ్చయింది. అప్పట్నుంచీ చదువుతున్న ఎవరికీ ఆ కారణం తెలీదు. ఆ కారణం లేని పగ కోసం మొదట కత్తి దూసింది మాత్రం ఈ పనివాళ్లే. ఆ సీన్ తర్వాత ఇద్దరూ మళ్లీ కనిపించరు.

నేను వాళ్లలో ఒకణ్ని. అది చెప్పడానికే ఇదంతా.

2015 ఎండాకాలం. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటిదగ్గర ఖాళీగా ఉన్నాను. మాది పటాన్‌చెరుకీ సంగారెడ్డికీ మధ్య, ముంబై హైవేకి కాస్త లోపలున్న ఊరు. తాతల నాటి జొన్నచేన్లు కొన్ని ఫ్యాక్టరీలకు పోయాయి, మిగిలినవి ప్లాట్లయ్యాయి. పెదనాయిన ఎకరం అమ్మినప్పుడల్లా ఇంటిమీద ఒక అంతస్తు లేచేది. ఆయన కూతురు, మా అక్క, పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేసేది. అదే కంపెనీ బస్సులో రోజూ వచ్చే ఒకతన్ని పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. చదువు ఇద్దరిదీ ఒకటే. జీతం అతనిదే కాస్త ఎక్కువ. అతను దళితుడు, మేం కాదు.

మూడోరోజు పొద్దున ఇంటిముందు రెండు బండ్లు ఆగాయి. చిన్నాయిన, ఇద్దరు బావలు, నేనెప్పుడూ చూడని నలుగురు. పెదనాయిన మాత్రం అరుగుమీద కుర్చీలోంచి లేవలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు కూడా.

"ఇస్నాపూర్ల రూమ్ తీస్కున్నరట. అక్క నీకు చెప్పే ఉంటదిరా. జర సూపియ్. మాట్లాడి తోల్కొస్తం, అంతే," అన్నాడు చిన్నాయిన.

నాకు తెలుసు. వెళ్లే ముందు అక్క ఇంట్లో నాకొక్కడికే చెప్పింది, ఏ గల్లీయో, ఏ కిరాణా దుకాణం వెనకో. నేను బండెక్కాను. దారి చూపేవాడు ముందు సీట్లో కూర్చోవాలి కదా, కూర్చున్నాను.

బండిలో ఎవరూ కోపంగా లేరు. అదే ఇప్పటికీ వింతగా ఉంటుంది. వెనకాల ఐపీఎల్ గురించి మాట్లాడుకుంటున్నారు. దారిలో ఆగి ఛాయ్ తాగాం, డబ్బులు చిన్నాయిన ఇచ్చాడు. వెనక సీటు కింద గోనెసంచిలో ఏదో చుట్టి పెట్టారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఇనుము చప్పుడు. మాట్లాడి తీసుకురావడానికి ఇనుమెందుకని నేను అడగలేదు.

ఇస్నాపూర్ గల్లీలో వరసగా రేకుల రూములు. నైట్ షిఫ్టు చేసొచ్చిన బిహార్, ఒడిశా పిల్లలు తలుపులు తెరిచే పడుకున్నారు. నేను వేలు పెట్టి చూపించాను. చివరి నుంచి రెండోది. దానికి తాళముంది.

"నిన్న రాత్రే ఖాళీ చేసిన్రు. అడ్వాన్స్ గూడ వాపస్ అడగలే," అంది ఓనరమ్మ. తాళం తీసి చూపించింది. ఒక కొత్త చాప, ఒక ప్లాస్టిక్ బిందె. అంతే.

తిరిగొచ్చేశాం. ఒక్కరోజు తేడా. ఐదేళ్లపాటు దాన్ని నేను అదృష్టమనే అనుకున్నాను.

2020 సెప్టెంబర్ 24న గచ్చిబౌలి నుంచి ఒక యువ జంటను బలవంతంగా కార్లెక్కించారు. ఆమె తప్పించుకోగలిగింది. అతని శవం సంగారెడ్డి జిల్లాలో దొరికింది. పెళ్లయి నాలుగు నెలలు కూడా కాలేదు. అరెస్టయినవాళ్లలో ఆమె బంధువులున్నారు, కిరాయికి వచ్చినవాళ్లున్నారు. టీవీలో మాకు తెలిసిన రోడ్లే కనిపిస్తుంటే నేను రిమోట్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. అందరూ తండ్రి గురించి, మేనమామల గురించి మాట్లాడుతున్నారు. నేను ఆ కార్లలో ముందు సీట్లో ఎవరు కూర్చున్నారా అని ఆలోచిస్తున్నాను.

ఆ వారమే నాటకం మళ్లీ చదివాను. డిగ్రీలో గైడు చదివి పాసైనవాణ్ని, పుస్తకం పూర్తిగా చదవడం అదే మొదలు.

అప్పుడు కనిపించిందొకటి. విందులో ముసుగు వేసుకుని వచ్చిన రోమియోను టిబాల్ట్ గుర్తుపట్టి కొట్టబోతే, ఆపింది జూలియెట్ తండ్రే. మంచి పిల్లవాడని ఊరంతా అంటోంది, నా ఇంట్లో గొడవొద్దు అంటాడు. శత్రువు కొడుకు తన ఇంట్లో తిరుగుతుంటే ఊరుకోగలిగిన మనిషి. అదే మనిషి, తను కుదిర్చిన పారిస్ సంబంధాన్ని కూతురు వద్దనేసరికి, వీధుల్లో అడుక్కుని చావమని తిడతాడు. ఆమె రోమియోను పెళ్లి చేసుకుందని అప్పటికి ఆయనకు తెలీదు. మాంటెగ్యూల మీద రానంత కోపం, కూతురు కాదన్నందుకు వచ్చింది. పెదనాయిన కోపం కూడా అక్కడిదే అనిపించింది. అక్క తమ కులంవాణ్నే తనంతట తను చేసుకున్నా ఆయన అరుగుమీద అలాగే కూర్చునేవాడేమో. బండ్లు రెండు కాకుండా ఒకటి వచ్చేదేమో.

కులం లెక్క అక్కడుంది. మన దగ్గర ఇలాంటివి జరిగినప్పుడల్లా పేపర్లు రోమియో జూలియెట్ అని రాస్తాయి గానీ, వెరోనాలో రెండిళ్లూ సమానం. రెండువైపులా కత్తులున్నాయి. అతని ఇంటి నుంచి బండ్లేవీ బయలుదేరలేదు. వాళ్ల నాన్న ఊరొదిలి నెలరోజులు కూతురింట్లో దాక్కున్నాడు. ఒకవైపు పగ, ఇంకోవైపు భయం. దాన్ని రెండు కుటుంబాల గొడవ అనలేం.

జూలియెట్ తల్లి కూడా ఒక మాట అంటుంది. మాంట్వాలో ఉన్న రోమియోకు విషం పెట్టించడానికి మనిషిని పంపుతానని. కూతుర్ని ఓదార్చడానికన్నట్టు, చాలా మామూలుగా. మన భాషలో సుపారీ. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ని నరికి చంపింది కూడా సుపారీ మనిషే. అంతకు ఆరు నెలల ముందే, 2018 మార్చి 27న, ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలని, జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బిచ్చి చేయించాడన్న ఆరోపణ ఎదుర్కొన్న అమ్మాయి తండ్రి 2020 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు నరికినవాడికి ఉరిశిక్ష, మిగిలిన ఆరుగురికి యావజ్జీవం వేసింది.

షేక్స్‌పియర్‌కి ముందు, 1562లో, ఆర్థర్ బ్రూక్ ఇదే కథను పొడుగాటి కవితగా రాశాడు. అందులో చివర ఉరి పడేది విషం అమ్మిన పేదవాడికి. షేక్స్‌పియర్ ఆ తీర్పు చెప్పకుండా వదిలేశాడు. కొందరికి క్షమ, కొందరికి శిక్ష అని రాజుగారు అంటాడు, ఎవరికేదో తేలదు. తండ్రులిద్దరూ చేతులు కలిపి, పిల్లలకు బంగారు విగ్రహాలు పెట్టిస్తామని మాటిచ్చుకుంటారు. దారి చూపినవాళ్ల లెక్క అక్కడా రాదు.

పోయినేడు పెదనాయిన చనిపోయాడు. అక్క వచ్చింది, ఆరేళ్ల కూతురితో. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. గేటు బయట వేపచెట్టు కింద నిలబడింది. నేను నీళ్ల బాటిల్ తీసుకెళ్లి ఇచ్చాను. పదేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోయే మాట ఆరోజైనా చెప్పాలనుకున్నాను. మొదలుపెట్టేలోపే తనే అంది.

"ముందు సీట్ల నువ్వే కూసున్నవట కద. ఓనరమ్మ ఫోన్ల చెప్పింది."

నేను నేలకేసి చూశాను.

"అక్కా, ఆరోజు మీరు ముందే ఖాళీ చేసుడు..."

"నీకు చెప్పిన్నని యాదికొచ్చే ఖాళీ చేసినం తమ్మీ. రాత్రికి రాత్రి."

ఆ మాటలో కోపం లేదు. రోమియోకు పంపిన ఉత్తరం, తీసుకెళ్లేవాణ్ని ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో నిర్బంధించడం వల్ల చేరదు. అది దురదృష్టం. మా విషయంలో అదృష్టం పనిచేసిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అదేం కాదు. నేనెలాంటివాణ్నో అక్కకు నాకంటే ముందే తెలుసు.

పాప వచ్చి నా చేతిలో బాటిల్ మూత అడిగింది. ఇచ్చాను. "మామకు థాంక్యూ చెప్పు," అంది అక్క.