హిమాయత్ సాగర్ గట్టున గాలం

వేసవి సెలవులు వచ్చాయంటే తల్లిదండ్రులకు ఒక చింత పట్టుకుంటుంది. వి.బి.ఎస్. కొద్ది రోజులలోనే ముగిసిపోతుంది. ఊటీకో, అరకుకో వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. ఇంట్లోనే ఉంచితే పిల్లలు టి.వి.కి, ఫోనుకు అతుక్కుపోతారు. శంషాబాదు పరిసరాల్లో ఉండే మా వంటి కుటుంబాలకు దగ్గరలో, పెద్ద ఖర్చు లేకుండా దొరికే ఒక విహారం గురించి చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పిల్లలను, తాతయ్యను వెంటబెట్టుకుని, గాలాలు తీసుకుని హిమాయత్ సాగర్ కు వెళ్లడమే ఆ విహారం.

2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమయ్యాక శంషాబాదు పేరు దేశమంతా తెలిసింది. సుమారు 5,500 ఎకరాలలో ఉన్న ఆ విమానాశ్రయానికి రోజూ వేలమంది వచ్చిపోతుంటారు. కాని వారిలో ఎంతమంది పక్కనే ఉన్న ఈ సరస్సును చూసి ఉంటారు? శంషాబాదు నుండి ఔటర్ రింగు రోడ్డు వెంట రాజేంద్రనగర్ వైపు కొద్ది కిలోమీటర్లు వెళితే చాలు, నీళ్లు కనబడతాయి. పైన విమానం వెళుతుంటే కింద కొంగ ఒంటికాలిమీద నిలబడి చేపకోసం చూస్తూ ఉంటుంది. మా పిల్లలు మొదట విమానాలనే లెక్కపెట్టారు. ఒక గంట గడిచేసరికి వారి కళ్లు బెండుమీదికి దిగాయి.

గాలానికి కావలసిన సామాను కొంచెమే. సన్నని వెదురు కర్ర, నైలాను దారం, చిన్న కొక్కెం, బెండు ముక్క. ఎరకు వానపాములు గాని, గోధుమపిండి ముద్ద గాని సరిపోతుంది. మా నాన్నగారు వానపాములను ఇప్పటికీ ఎర్రలనే అంటారు. బెండు ఒకసారి వణికితే చేప రుచి చూస్తున్నదని, మునిగితే మింగిందని ఆయన పిల్లలకు నేర్పారు. మా చిన్నవాడు ఇంట్లో పది నిమిషాలు కుదురుగా కూర్చోడు. అక్కడ మాత్రం గుసగుసగా, "తాతా, మాట్లాడకు, చేప వింటుంది" అని ఆయననే హెచ్చరించాడు.

ఆ ఉదయం మాకు దొరికినవి నాలుగు చిన్న చేపలు. అందులో రెండు జిలేబి చేపలు, అంటే తిలాపియా. ఇవి మన దేశపు చేపలు కావు. ఆఫ్రికా జాతి తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. సండేస్కూలు పిల్లలకు ఇక్కడ ఒక సంగతి చెప్పవచ్చు. గలిలయ సముద్రం నిజానికి ఒక మంచినీటి సరస్సు. దాని పొడవు సుమారు 21 కిలోమీటర్లు. అక్కడ నేటికీ పేతురు చేప అని పిలిచే చేప ఈ తిలాపియాకు దగ్గరి బంధువే. రాత్రంతా వల వేసినా ఏమీ దొరకని శిష్యుల అలసట ఎటువంటిదో, రెండు గంటలు బెండువైపు చూసిన పిల్లలకు కొంచెమైనా అర్థమవుతుంది.

మన చెరువు చేపల కాపురం కూడా పిల్లలకు చెప్పదగిన కథే. ఈ తిలాపియా తల్లి గుడ్లను నోటిలో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలయ్యాక కూడా అపాయం వస్తే వాటిని మళ్లీ నోటిలోకి తీసుకుంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను సంగతి మరొకటి. నీటిపైన ఎర్రెర్రని చిన్న పిల్లలు గుంపుగా కదులుతుంటే, వాటికిందనే తండ్రి చేప కాపలా తిరుగుతూ ఉంటుంది. ఆ గుంపు కనిపించినచోట గాలం వేయవద్దని మా నాన్నగారు గట్టిగా చెప్పారు. తండ్రిని పట్టితే పిల్లలన్నీ ఇతర చేపలకు మేతవుతాయి. బొచ్చె, రాగండి వంటివి నిలువనీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పారే నదినీరు వాటికి కావాలి. అందుకే చెరువుల్లో వాటి పిల్లలను తెచ్చి వదులుతారు. ఆ చేపలమీద మత్స్యకారుల కుటుంబాలు బ్రతుకుతున్నాయి.

"అయితే ఈ నీళ్లు ఎవరివి నాన్నా?" అని మా పెద్దమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే 1908 సెప్టెంబరు 28వ తేదీకి వెళ్లాలి. ఆనాడు మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్ గంజ్ లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. అటువంటి నాశనం మళ్లీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద రెండు జలాశయాలు తలపెట్టారు. మూసీమీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నదిమీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవి నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. నేడు నగరపు దాహంలో ఎక్కువ భాగాన్ని కృష్ణా, గోదావరి నీళ్లు తీరుస్తున్నా, ఈ జంట జలాశయాల అవసరం తీరిపోలేదు.

వీటిలోకి నీళ్లు వచ్చే దారులు చెడిపోకూడదని 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అది నిషేధించింది. 2022 ఏప్రిల్ లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వచ్చింది. భూమి ఉన్న రైతులు తమ పొలానికి ధర రావాలని కోరుకోవడంలో తప్పులేదు. వారికీ పిల్లలున్నారు, చదువులున్నాయి. కాని వాగులు పూడిపోతే, మురుగు కలిస్తే ఈ సరస్సును తిరిగి ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఈ రెంటిమధ్య న్యాయమైన దారి వెదకవలసిన బరువు మన తరంమీద ఉన్నది. మా అమ్మాయికి నేను, "మన ముందు తరంవారు కట్టి ఇచ్చారు, నీ తరానికి అప్పజెప్పాలి, మధ్యలో మనం కాపలావాళ్లం" అని చెప్పాను. "కొర్రమీను నాన్నలాగానా?" అని అడిగింది. అంతకంటె బాగా నేను చెప్పలేను.

వెళ్లదలచినవారికి కొన్ని జాగ్రత్తలు. ముందుగా అక్కడి మత్స్యకారులను, కాపలావారిని అడిగి, వారు వద్దన్నచోట గాలం వేయకండి. ఉదయం ఆరింటికి వెళ్లి, తొమ్మిదిన్నరకు ఎండ ముదరకముందే తిరిగి రండి. టోపీలు, మంచినీళ్లు మరువవద్దు. వేసవిలో నీరు వెనక్కు తగ్గినచోట పైకి ఎండినట్లున్నా, అడుగున లోతైన బురద ఉంటుంది. పిల్లలను అందులో దిగనీయకండి. ఈత వచ్చిన పిల్లలైనా సరే, చేతికందే దూరంలోనే ఉండాలి. వారిని చూసుకునే పెద్దవారు ఒకరు గాలం పట్టకుండా కూర్చోవాలి. వీలైతే లైఫ్ జాకెట్లు వేయండి. తెగిన నైలాను దారం పక్షుల కాళ్లకు ఉరి అవుతుంది; ఒక్క ముక్క కూడా అక్కడ వదలకండి. ఆ రోజు కూరకు చాలినన్ని చేపలు ఉంచుకుని, చిన్నవాటిని నీటిలో వదిలివేయండి.

మృగశిర కార్తె రోజున చేప తినడం మన ప్రాంతపు ఆనవాయితీ. జూన్ మొదటి వారం దాటగానే ఆ రోజు వస్తుంది, బడులు తెరిచే సమయమూ వస్తుంది. సెలవులకు ఎక్కడికి వెళ్లావని టీచరు అడిగినప్పుడు మీ పిల్లలు పెద్ద ఊరి పేరేదీ చెప్పలేకపోవచ్చు. కాని తాము తాగే నీరు ఎక్కడినుండి వచ్చిందో, దానిని ఎవరు కట్టారో, దానిలో ఎవరెవరు బ్రతుకుతున్నారో చెప్పగలిగితే ఆ సెలవులు వృథా కాలేదని నమ్మండి.