ఫ్రిజ్ మూలుగు

అర్ధరాత్రి ఇల్లంతా పడుకున్నాక వంటింట్లో ఫ్రిజ్ సన్నగా మూలుగుతుంది. పగలూ మూలుగుతూనే ఉంటుంది కాబోలు, మన చెవిన పడదు. అది వినపడ్డప్పుడల్లా నాకు డేవిడ్ లించ్ తీసిన 'ఇరేజర్‌హెడ్' సినిమా గుర్తొస్తుంది. అందులో కథానాయకుడు హెన్రీ గదిలో రేడియేటర్ ఇలాగే బుసకొడుతుంటుంది. దాని లోపలే ఓ చిన్న రంగస్థలం, అక్కడ ఉబ్బిన బుగ్గలతో పాడే అమ్మాయి.

బెవర్లీ హిల్స్‌లో ఓ పాత భవంతి గుర్రపుశాలల్లో తీశారు ఆ సినిమాను. 1972లో మొదలై, డబ్బుల్లేక ఆగుతూ సాగుతూ, 1977లో గానీ తెర మీదికి రాలేదు. మధ్యలో లించ్ పేపర్లు వేసి బతికాడు. హెన్రీగా వేసిన జాక్ నాన్స్ ఏళ్ల తరబడి ఆ నిక్కపొడుచుకున్న జుట్టుతోనే గడిపాడు. ఒకచోట హెన్రీ తలుపు పిడి తిప్పుతాడు, మరుక్షణం గది లోపల ఉంటాడు. ఆ రెండు షాట్ల మధ్య ఏడాదికి పైగా గడిచిందట!

ఆ తలుపు దగ్గరే ఆగిపోతాను నేను. అన్నేళ్లు ఒక కలను చెదరకుండా మోయడం ఎలా సాధ్యం? సినిమా నలుపు తెలుపుల్లో ఉంటుంది; రంగులుంటే హెన్రీది మామూలు గదే అయ్యేది. నలుపులో గోడలు కరిగిపోయి, ఎక్కడో నా చిన్ననాటి కరెంటు పోయిన రాత్రిలోకి తెరుచుకుంటుంది. సినిమాలో కనిపించే వింత పసికందును ఎలా చేశాడో లించ్ చెప్పనేలేదు. చెప్పకుండానే 2025లో వెళ్లిపోయాడు. మంచిపని చేశాడు.

ఫ్రిజ్ ఆగింది. ఇప్పుడు నిశ్శబ్దం వినపడుతోంది.