బడి మార్చేముందు

మా హోసూరులో మే నెల ముగిసి జూన్ వచ్చిందంటే వీధిలో అందరి నోటా ఒకే ప్రశ్న: "మీ పిల్లను ఏ బడిలో వేశారు?" ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం మాట్లాడుకుంటూ తరతరాలుగా ఇక్కడే ఉన్న మావంటి కుటుంబాలకు ఈ ప్రశ్న ఇంకొంచెం బరువైనది. ఏ బడి అన్న మాట వెనకే ఏ భాషలో అన్న మాట కూడా వస్తుంది. ఆ ప్రశ్నకు ఒకప్పుడు నేను తొందరపడి చెప్పిన జవాబు గురించీ, దానివల్ల మా చెల్లెలి కూతురి ఇల్లు పడిన ఇబ్బంది గురించీ రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో ఒక్క ఇంటికైనా పనికివస్తే చాలు.

నేను తపాలా ఆఫీసులో 30 ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి 2015లో రిటైరయ్యాను. మా బంధువుల్లో ఉద్యోగం చేసిన మొదటి ఆడదాన్ని నేనే. అందుకని ఎవరింటికి ఏ సర్కారు కాగితం వచ్చినా "పెద్దమ్మను అడుగుదాం" అనేవారు. అడిగినకొద్దీ నాకు అన్నీ తెలుసుననే ధీమా కూడా పెరిగింది.

మా చెల్లెలి కూతురి భర్త సిప్కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. 2016లో అతని జీతం నెలకు 9,000 రూపాయలు. ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, దాని తరువాత ఎనిమిదేళ్లకు మగపిల్లవాడు. పిల్ల ఏడో తరగతి వరకు మా వీధి చివర ఉన్న తెలుగు మాధ్యమం ప్రభుత్వ బడిలోనే చదివింది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం నేర్చుకునేది. మిగతా పాఠాలన్నీ తెలుగులో. లెక్కలంటే ప్రాణం. నేను లెక్క చెప్పడం పూర్తికాకముందే జవాబు చెప్పేసేది.

ఆ ఏడు మే నెలలో ఒక సాయంత్రం మా చెల్లెలి కూతురు వచ్చింది.

"పెద్దమ్మా, పిల్ల ఎనిమిదికి వస్తోంది. ఇక్కడే ఉంచమంటావా, కాన్వెంటులో వేయమంటావా?"

"ఇంకా తెలుగు బడి ఏమిటే? రేపు కాలేజీలో అన్నీ ఇంగ్లీషులోనే కదా! ఎలాగోలా కష్టపడి కాన్వెంటులో వెయ్యి" అన్నాను.

అర నిమిషం కూడా పట్టలేదు ఆ మాట చెప్పడానికి. పిల్ల గడప దగ్గర కూర్చుని వింటోంది. దాన్ని పిలిచి "నీకేమనిపిస్తోంది తల్లీ?" అని అడగాలని నాకు తోచలేదు.

కాన్వెంటు ఫీజు ఏడాదికి 24,000. బస్సుకు మరో 8,000. బూట్లు, యూనిఫారం, పుస్తకాలు వేరే. ఆ ఇంటి సంపాదనలో మూడోవంతుకు దగ్గరగా ఒక్క పిల్ల చదువుకే పోయింది. మొదటి ఏడాదే మా చెల్లెలి కూతురి మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లింది. అతను రాత్రి షిఫ్టు అడిగి వేయించుకున్నాడు.

పోనీ, పిల్ల బాగా చదువుకుంటోందా అంటే అదీ లేదు. మొదటి పరీక్షలో లెక్కల్లో 41 మార్కులు వచ్చాయి. నేను నమ్మలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే, "లెక్క తెలుసు అవ్వా. ఏమి అడిగారో తెలియలేదు" అంది. ఆ బడిలో తెలుగు లేదు. అడిగితే నవ్వుతారని పిల్ల ఎవరినీ అడగలేదు. ఏడాదిన్నరకు మార్కులు మళ్లీ కోలుకున్నాయి. కానీ ఆ గలగలమనే నోరు మాత్రం క్లాసులో మూతపడింది.

పిల్ల తొమ్మిదిలో ఉండగా పక్క వీధి ఆమె బ్యాంకు పాసుపుస్తకం తెచ్చి చదివి పెట్టమంది. ఆమె కూతురు మా పిల్లతో ఏడు వరకు కలిసి చదువుకున్నదే. ప్రభుత్వ బడిలోనే ఉండిపోయింది. పుస్తకంలో ఒకేసారి 12,000 రూపాయలు జమ అయి ఉన్నాయి. "ఇదెక్కడిదమ్మా?" అంటే, "ఎనిమిదిలో పరీక్ష రాసింది కదక్కా, ఆ స్కాలర్‌షిప్పు. పన్నెండు వరకు ఏటా వస్తుందట" అంది.

అది కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన ఉపకార వేతనం. ఆదాయం తక్కువున్న ఇళ్లలోని తెలివైన పిల్లలు ఎనిమిదో తరగతి తరువాత చదువు మానేయకూడదని పెట్టారు. మొదట నెలకు 500 ఉండేది, 2017 నుంచి 1,000 చేశారు. దేశం మొత్తానికి ఏటా లక్ష మందికి, అందులో తమిళనాడుకు 6,695 మందికి ఇస్తారు. ఎనిమిదో తరగతి చదువుతుండగా రెండు పేపర్ల పరీక్ష రాయాలి. ఒకటి ఆలోచనాశక్తికి, ఒకటి పాఠాలకు, ఒక్కోదానికి 90 మార్కులు. రాయాలంటే ప్రభుత్వ బడిలో గాని, పంచాయతీ, మునిసిపాలిటీ బడిలో గాని, ఎయిడెడ్ బడిలో గాని చదువుతూ ఉండాలి. ప్రైవేటు బడి పిల్లలకు లేదు.

నాలుగేళ్లకు 48,000 రూపాయలు! మా పిల్ల రాసి ఉంటే వచ్చేదో రాదో నేను చెప్పలేను. రాసే అవకాశమే నేను లేకుండా చేశాను. సరిగ్గా ఆ పరీక్ష రాయవలసిన ఏడాదే బడి మార్పించాను. ఊరి నిండా మనియార్డర్లు పంచిన ఆఫీసులో అన్నేళ్లు కూర్చున్న మనిషిని, ఎదురుగా ఉన్న బడికి వెళ్లి హెడ్మాస్టరును ఒక్క మాట అడగలేకపోయాను. ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. తమిళనాడులో 2012-13 నుంచే పలు ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తరగతులు పెట్టారు. మా ఊరి ప్రభుత్వ హైస్కూలులోనూ ఉంది. ఇంగ్లీషు కావాలంటే గొలుసు తాకట్టు పెట్టనక్కరలేదు.

కథ అక్కడితో ఆగలేదు. 2020లో తమిళనాడు ప్రభుత్వం ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ చట్టం తెచ్చింది. 2021లో ఇంజనీరింగు, వ్యవసాయం, పశువైద్యం, న్యాయశాస్త్రం వంటి చదువులకూ దాన్ని వర్తింపజేసి, అలా సీటు వచ్చిన పిల్లల ఫీజు, హాస్టలు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందన్నారు. మా పిల్ల పన్నెండు పూర్తిచేసింది ఆ ఏడాదే. పక్క వీధి పిల్ల ఇంజనీరింగులో చేరింది, పైసా ఖర్చు లేదు. మా పిల్లకు కూడా ఇంజనీరింగే చదవాలని ఉండేది. అయిదేళ్ల కాన్వెంటు ఫీజుతో ఇంట్లో అప్పు మిగిలింది గాని కాలేజీ ఫీజుకు డబ్బు మిగల్లేదు. అది ప్రభుత్వ కాలేజీలో బి.ఎస్సీ. లెక్కల్లో చేరింది. 2022 సెప్టెంబరులో పుదుమై పెణ్ పథకం కింద ప్రభుత్వ బడుల్లో చదివిన ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. క్లాసులో చాలామందికి వచ్చింది. దీనికి రాలేదు.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి కూతురు ఒక మాట అంది. "నువ్వు చెప్పావని చేశాం పెద్దమ్మా." కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ ఏదో ఒకటి సమాధానం చెప్పేదాన్ని.

నిజమే, 2020లో రాబోయే చట్టం 2016లో ఎవరికీ తెలియదు. దానికి నన్ను నేను తప్పు పట్టుకోను. కానీ 2008 నుంచి ఉన్న పరీక్ష సంగతి తెలుసుకోవచ్చు. పిల్లను ఒక్క మాట అడగవచ్చు. ఈ రెండూ నా తప్పులే.

2024 మే నెలలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి తమ్ముడి వంతు. వాడు ప్రభుత్వ హైస్కూలులో ఇంగ్లీషు మాధ్యమంలో ఏడు పూర్తిచేశాడు. ఒక ప్రైవేటు బడివాళ్లు ఇంటికి వచ్చి, ఫీజులో కొంత తగ్గిస్తామని చెప్పి వెళ్లారు. వాళ్ల నాయన మనసు అటు లాగింది. అందరూ మా ఇంటి వసారాలో కూర్చున్నారు. అందరూ నా వైపు చూశారు. నేను నోరు విప్పలేదు.

అప్పుడు పిల్ల ఒక నోటుపుస్తకం తెచ్చింది. "అవ్వా, ఈసారి ముందు లెక్క వేద్దాం" అంది. నాలుగు ప్రశ్నలు రాసింది.

ఈ బడి ప్రభుత్వ బడా, ఎయిడెడా, ప్రైవేటా? అందులో చదివితే ఏ స్కాలర్‌షిప్పులకు అర్హత ఉంటుంది, ఏవి పోతాయి?

ఫీజు, బస్సు, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి ఎంత? తగ్గిస్తామన్న ఫీజు వచ్చే ఏడాది కూడా తగ్గుతుందా?

పాఠాలు ఏ భాషలో? స్కాలర్‌షిప్పు పరీక్ష ఏ భాషలో? తెలుగు నేర్చుకునే వీలుందా?

నాలుగోది రాసి తమ్ముణ్ని పిలిచింది. "నీకు ఎక్కడ బాగుంటుందిరా?"

వాడు ఇక్కడే ఉంటానన్నాడు. సైన్సు అయ్యవారు రెండుసార్లు అడిగినా విసుక్కోరట. అంతకంటే పెద్ద కారణం ఏముంటుంది? వాణ్ని అక్కడే ఉంచాము. ఆదాయ సర్టిఫికెట్టు తెచ్చాము. ఇప్పుడు కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 మించకూడదని నియమం. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, షెడ్యూల్డు కులాలు, తెగల పిల్లలకు 5 శాతం సడలింపు ఉంది. పిల్లవాడి పేరనే బ్యాంకు ఖాతా తెరిపించాము. అక్క రోజూ రాత్రి గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది. 2025 మొదట్లో రాశాడు. ఎంపికయ్యాడు. పదో తరగతిలో 60 శాతం తెచ్చుకుంటేనే పదకొండు, పన్నెండులో డబ్బు కొనసాగుతుందని అక్క వాడికి ఇప్పటినుంచే గుర్తుచేస్తోంది.

ఇదంతా చదివి, అందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలని నేను అంటున్నాననుకోకండి. మా ఎదురింటి చిన్నవాడికి విద్యాహక్కు చట్టం కింద ఇంటికి దగ్గరున్న ప్రైవేటు బడిలోనే సీటు వచ్చింది. 2009లో చేసిన ఆ చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి, ఫీజు ప్రభుత్వం చెల్లిస్తుంది. వాడికి అది చక్కగా సరిపోయింది. తల్లి పనికి పోతూ దింపి, వస్తూ తెచ్చుకుంటుంది. కానీ ఆ ఉచితం ఎనిమిదో తరగతితో ఆగిపోతుందని ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచాము. తొమ్మిది నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడిలో చదివితే ఆ పిల్లలకు కూడా మన రాష్ట్రంలో 7.5 శాతం కోటా వర్తిస్తుంది. ఎయిడెడ్ బడి పిల్లలు ఎనిమిదో తరగతి స్కాలర్‌షిప్పుకు అర్హులే గాని ఈ కోటాకు కారు. చూశారా, ఒక్కో మలుపులో ఒక్కో నియమం ఉంది!

మిగతా చోట్ల ఉన్న మన వాళ్లకు కూడా ఒక మాట. ఎనిమిదో తరగతి స్కాలర్‌షిప్పు దేశమంతటికీ ఉన్నదే. బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా అడగండి. విద్యాహక్కు సీట్ల విషయంలో రాష్ట్రానికో తీరు. కర్ణాటకలో 2019 నుంచి, దగ్గరలో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు బడిలో ఆ సీటు ఇవ్వడం లేదు. మహారాష్ట్రలో 2024లో అటువంటి నియమమే తెస్తే బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. 1986లో మొదలైన నవోదయ విద్యాలయాలు కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలో ఉన్నాయి, యానాంలోనూ ఉంది. తమిళనాడులో లేవు. ఆరో తరగతి ప్రవేశానికి అయిదులో ఉండగానే పరీక్ష రాయాలి. పల్లె పిల్లలకు 75 శాతం సీట్లు. తిండి, వసతి అక్కడే. పుదుచ్చేరి ప్రభుత్వం 2023లో ప్రభుత్వ బడి పిల్లలకు మెడికల్ సీట్లలో 10 శాతం ఇచ్చింది కాబట్టి యానాం వాళ్లు ఆ షరతులు కూడా కనుక్కోవాలి. నియమాలు మారుతూ ఉంటాయి. నేను రాసిందే వేదమనుకోకుండా, బడి మార్చేముందు హెడ్మాస్టరుగారిని కలిసి ఆ ఏటి నియమం అడగండి.

మా పిల్ల ఇప్పుడు బి.ఎడ్. చదువుతోంది. లెక్కల టీచరు అవుతానంటుంది. ఆదివారాలు మా వసారాలోనే వీధి పిల్లలకు లెక్కలు చెబుతుంది. తెలుగులో మొదలుపెట్టి, అదే లెక్క ఇంగ్లీషులో ఎలా అడుగుతారో చూపిస్తుంది. ఒక మూల నేను కూర్చుని దరఖాస్తులు నింపుతాను, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తాను. మా చెల్లెలి కూతురు టీ తెచ్చిస్తుంది. గొలుసు విడిపించుకుంది.

మొన్న ఒకామె వచ్చి, "అమ్మా, మా వాణ్ని ఏ బడిలో వేయమంటారు?" అని అడిగింది.

"వాణ్ని కూడా తీసుకుని రామ్మా, అడిగి చూద్దాం" అన్నాను.